‘త్యాగం’ అనేశాక పరికరం గురించి ఎవరడగాలి?

2016 జులై 22 ఉదయం 8.30 ప్రాంతంలో చెన్నై పక్కనున్న తాంబరం వైమానిక స్థావరం నుంచి ఏఎన్-32 రవాణా విమానం ఒకటి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరింది. 9.12కు రాడార్ తెర మీద నుంచి మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. ఆరుగురు విమాన సిబ్బంది. మిగతావాళ్లలో వాయుసేన, సైన్యం, నౌకాదళం, కోస్ట్‌గార్డ్ మనుషులున్నారు. వీళ్లెవరికీ చెందని ఎనిమిది మంది కూడా ఉన్నారు. వాళ్లు విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. యూనిఫాం లేని పౌర ఉద్యోగులు. డ్యూటీ మీద పంపితే వెళ్లినవాళ్లు.

నౌకలు, విమానాలు, ఒక జలాంతర్గామి వారాల తరబడి బంగాళాఖాతాన్ని గాలించాయి. మన దేశంలో సముద్రం మీద జరిగిన అతిపెద్ద గాలింపు అదేనన్నారు. ఏమీ దొరకలేదు. సెప్టెంబర్ 15న గాలింపు ఆపేసి, 29 మందీ చనిపోయినట్టే భావిస్తున్నామని కుటుంబాలకు చెప్పారు. మళ్లీ ఆ విమానం పేరు వినిపించింది 2024 జనవరి 12న. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దింపిన స్వయంచాలిత వాహనం తీసిన ఫొటోల్లో చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయనీ, అవి ఏఎన్-32వేననీ రక్షణ శాఖ ప్రకటించింది. ఏడున్నరేళ్ల తర్వాత.

రాజ్యం బాధ్యత, నష్టపరిహారం అనే అంశాల మీద మా పరిశోధన సాగుతోంది. ఆ పని మీద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో విద్యార్థులతో కూర్చున్నప్పుడు ఈ విమానం సంగతి ఎత్తితే రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. సైన్యంలోకి వెళ్లినవాళ్లకు చావు ఉంటుందని తెలిసే వెళ్తారు కదా, దానికి ప్రభుత్వాన్ని ఏమని నిలదీస్తాం అన్నది ఒకటి. ఇందులో దళితుల సమస్య ఏముందన్నది రెండోది. రెండోదానికి జవాబు త్వరగా చెప్పొచ్చు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం.

త్రివిధ దళాల్లో యూనిఫాం వేసుకునే ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు లేవు. రక్షణ శాఖ కిందే ఉన్న పౌర ఉద్యోగాల్లో ఉన్నాయి. ఆయుధ డిపోలు, డాక్‌యార్డులు, మరమ్మతు కేంద్రాలు, వీటిలో ఫిట్టర్లు, మెకానిక్‌లు, క్లర్కులు, కూలీ పని చేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. అంటే రాజ్యాంగం దళితులకు రక్షణ శాఖలో తలుపు తెరిచింది ఇక్కడే. ఆ ఎనిమిది మందిది ఏ కులమో మేం రాయం, ఆ అవసరం కూడా లేదు. మేం చెప్పేది వాళ్లున్న మెట్టు గురించి. సైనిక విమానంలో ఎక్కించి పంపుతారు, కానీ సైనికుడికి ఉండే పెన్షన్ రక్షణ ఉండదు. 2004 జనవరి తర్వాత చేరిన పౌర ఉద్యోగులకు వచ్చింది కొత్త పెన్షన్ విధానం. సాయుధ దళాలను దాన్నుంచి మినహాయించారు. ప్రమాదం ఇద్దరికీ ఒకటే, విమానం ఒకటే.

ఇంకో సంగతి కూడా ఉంది. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్‌గా చేశారు. మహర్లను సైన్యంలో చేర్చుకోవడం బ్రిటిష్ ప్రభుత్వం మానేసినప్పుడు దాని మీద అర్జీల మీద అర్జీలు పెట్టిన తరం ఒకటుంది. సైన్యంలోకి వెళ్లే హక్కు కోసం పోరాడిన చరిత్ర ఉన్నవాళ్లకు, వెళ్లినవాళ్ల ప్రాణానికి పూచీ ఎవరిదని అడిగే హక్కు లేకుండా ఎలా పోతుంది?

నీళ్లలో పలకని బీకన్

ఇక మొదటి ప్రశ్న. చావు తెలిసిందే కదా అన్న మాటలో ఒక మెలిక ఉంది. శత్రువు కాల్పుల్లో చావడం వేరు. పెట్టాల్సిన పరికరం పెట్టకపోవడం వల్ల చావడం, లేదా చచ్చాక ఏళ్ల తరబడి దొరక్కపోవడం వేరు. ఈ తేడా అర్థం కావాలంటే రెండు చిన్న పరికరాల గురించి తెలుసుకోవాలి.

మొదటిది ఈఎల్‌టీ. ఆపదలో స్థానం తెలిపే రేడియో పరికరం. విమానం గట్టిగా గుద్దుకుంటే తనంతట తానే పనిచేయడం మొదలుపెట్టి 406 మెగాహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. ఉపగ్రహాలు దాన్ని పట్టుకుంటాయి. మన దేశంలో ఆ సంకేతం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. పాత ఈఎల్‌టీలు 121.5 మెగాహెర్ట్జ్ మీద పలికేవి. ఉపగ్రహాలు ఆ పాత సంకేతాలను వినడం 2009 ఫిబ్రవరి 1 నుంచి మానేశాయి. అంటే పాత పరికరం బిగించి ఉంటే పైన ఎగిరే విమానం ఏదైనా వినాలి తప్ప ఉపగ్రహం వినదు. ఈఎల్‌టీకి ఇంకో పరిమితి ఉంది. రేడియో తరంగాలు నీళ్లలో సాగవు. విమానం మునిగిపోతే ఎంత కొత్త ఈఎల్‌టీ అయినా మూగదే.

అందుకే రెండోది. నీటి అడుగున పనిచేసే లొకేటర్ బీకన్. చేతిలో పట్టే టార్చిలైటు కన్నా చిన్న గొట్టం. బ్లాక్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది. నీళ్లు తగలగానే 37.5 కిలోహెర్ట్జ్ మీద టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంది. మనిషి చెవికి వినపడదు, సోనార్‌కు వినపడుతుంది. మామూలుగా 30 రోజులు పలికేది. 2009 జూన్‌లో ఎయిర్‌ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో కూలి, రెండేళ్లకు సుమారు 3,900 మీటర్ల లోతున దొరికాక, పెద్ద పౌర విమానాల్లో ఇది 90 రోజులు పలకాలని అంతర్జాతీయ ప్రమాణం మార్చారు.

తాంబరం నుంచి వెళ్లిన ఏఎన్-32లో ఈఎల్‌టీలు రెండున్నాయి. నీటి అడుగు బీకన్ లేదు. ఈ మాట అప్పట్లో రక్షణ వర్గాల నుంచే పత్రికల్లోకి వచ్చింది. ఆ విమానం వెళ్లేది ఎక్కడికి? మూడు గంటల పైచిలుకు సముద్రం మీదే. తాంబరం–పోర్ట్‌బ్లెయిర్ దారిలో కింద నేల లేదు. అలాంటి దారిలో రోజువారీగా మనుషుల్ని తీసుకెళ్లే విమానానికి నేల మీద పనికొచ్చే బీకన్లు రెండు బిగించి, నీళ్లలో పనికొచ్చేది ఒక్కటీ బిగించలేదు.

ఇది తర్వాత తోచిన తెలివి కాదు. ఏడాది పైచిలుకు ముందు, 2015 జూన్ 8న, అదే తమిళనాడు తీరంలో కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం ముగ్గురితో సహా సముద్రంలో పడిపోయింది. దానికి నీటి అడుగు బీకన్ ఉంది. జులై మొదట్లో జలాంతర్గామి సింధుధ్వజ్ ఆ టిక్కు టిక్కు శబ్దాన్ని పట్టుకుంది. కొన్నాళ్లకే దాదాపు వెయ్యి మీటర్ల లోతు నుంచి ఫ్లైట్ రికార్డర్‌ను పైకి తెచ్చారు. అదే సింధుధ్వజ్‌ను 2016లో ఏఎన్-32 కోసం మళ్లీ దింపారు. ఈసారి అది వినడానికి కింద పలికేది ఏదీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బీకన్ ఉండి ఉంటే విమానం కూలేది కాదని కాదు. తప్పక దొరికేదని కూడా ఖాయంగా చెప్పలేం. 3,400 మీటర్ల లోతు నుంచి ఆ శబ్దం ఉపరితలానికి చేరడం కష్టమే, సోనార్‌ను లోతుకు దించి ఈడ్చుకుంటూ వెతకాల్సి వస్తుంది. కానీ వెతకడానికి ఒక నెల గడువు, ఒక దారి ఉండేవి. బ్లాక్‌బాక్స్ దొరికితే ఎందుకు కూలిందో తెలిసేది. అదే రకం విమానాల్లో ఇప్పటికీ ఎగురుతున్న మనుషులకు అది ప్రాణాధారం. గాలింపు జరుగుతుండగా 2016 జులై 29న నాటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ రాజ్యసభలో, విమానం ఏ ఫ్రీక్వెన్సీ మీదా ఒక్క ఆపద సంకేతం కూడా ఇవ్వకుండా మాయం కావడం విస్మయంగా ఉందన్నారు. విస్మయం సరే. నీళ్లలో పలికే పరికరం ఎందుకు లేదన్నది మాత్రం విస్మయపడాల్సిన విషయం కాదు. దానికి ఫైల్ ఉంటుంది, సంతకాలు ఉంటాయి.

2019 జూన్ 3న ఇంకో ఏఎన్-32 జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకా వెళ్తూ 13 మందితో కనిపించకుండా పోయింది. శకలాలు ఎనిమిది రోజులకు, జూన్ 11న కొండల్లో కనపడ్డాయి. ఆ విమానంలోని ఈఎల్‌టీ ‘సార్బే 8’ అనే పాత రకమనీ, దాని తయారీని బ్రిటిష్ కంపెనీ 2005లోనే ఆపేసిందనీ పత్రికలు రాశాయి. ఈ విమానాల ఆయుష్షు పెంచి ఆధునికం చేయడానికి ఉక్రెయిన్‌తో ఒప్పందం కుదిరింది 2009లో. వందకు పైగా విమానాలు, సుమారు 40 కోట్ల డాలర్లు. పదేళ్ల తర్వాతా తయారీ ఆగిపోయిన బీకన్‌తో విమానం ఎగురుతోందంటే, డబ్బు లేక అనుకోవడం కష్టం.

పులివెందులలో అడిగితే

పులివెందులలో హెలికాప్టర్ అన్న మాట ఎత్తగానే ఎవరైనా మాట్లాడేది 2009 సెప్టెంబర్ 2 గురించే. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టి, అక్కణ్నుంచి ముఖ్యమంత్రి దాకా వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆ ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాలో రచ్చబండకు బయల్దేరారు. బెల్ 430 హెలికాప్టర్. అది సైన్యానిది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలింది. ముఖ్యమంత్రితో పాటు ఆయన కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు మరణించారు.

గాలింపుకు సుఖోయ్ యుద్ధవిమానాలు వచ్చాయి. ఉపగ్రహ చిత్రాలు తీశారు. వేలమంది పోలీసులు అడవిలోకి దిగారు. అడవి తెలిసిన చెంచుల్ని సాయం అడిగారు. మర్నాడు ఉదయం వాయుసేన హెలికాప్టర్లు శిథిలాలను చూశాయి. దారి చూపింది మనిషి కళ్లే, బీకన్ కాదు. ముఖ్యమంత్రి ప్రయాణించే ప్రభుత్వ హెలికాప్టర్ సైతం ఆపద వేళ తానెక్కడుందో చెప్పలేకపోయింది.

పెద్దాయన కోసం సుఖోయ్‌లు, చిన్నవాళ్లకు ఏడున్నరేళ్లు అని పోల్చి చెప్పడం తేలిక. మా దృష్టిలో అది సరైన పోలిక కాదు. 29 మంది కోసమూ పెద్దఎత్తునే వెతికారు. అసలైన తేడా వెతకడంలో లేదు, వెతికిన తర్వాత జరిగినదాంట్లో ఉంది. బెల్ 430 పౌర విమానాల జాబితాలోది. కాబట్టి పౌర విమానయాన శాఖ ఆర్.కె. త్యాగి ఆధ్వర్యంలో కమిటీ వేసింది. నివేదిక బయటికొచ్చింది. గేర్‌బాక్స్ చమురు పీడనం హెచ్చరిక వచ్చినప్పుడు పైలట్లు ఏం చేయాలో పుస్తకంలో వెతుక్కుంటూ విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారనీ, ఈలోగా హెలికాప్టర్ భీకరమైన మేఘంలోకి వెళ్లిపోయిందనీ కమిటీ తేల్చింది. ఎవరైనా చదవొచ్చు, ఒప్పుకోకపోవచ్చు, తప్పులు పట్టొచ్చు. కడప జిల్లాలో ఆ మరణం మీద ఇప్పటికీ అనుమానాలున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు వాదించడానికి కనీసం ఒక కాగితం ఉంది.

విశాఖ డిపో కుటుంబాలకు ఆ కాగితం లేదు. పౌర విమానయాన చట్టాలు సైనిక విమానాలకు వర్తించవు. పౌర ప్రమాదాల మీద దర్యాప్తు చేసే బ్యూరోకు సైనిక ప్రమాదాల జోలికి వెళ్లే అధికారం లేదు. అక్కడ జరిగేది కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ. విమానం వాయుసేనది, మరమ్మతులు చేసింది వాయుసేన, బీకన్ కావాలో వద్దో నిర్ణయించింది ఆ వ్యవస్థే, విచారణ చేసేదీ ఆ వ్యవస్థే, నివేదిక దాచుకునేదీ అదే. ఊరి పెత్తందారు మీద ఫిర్యాదు పెత్తందారు అరుగు మీదే విచారించడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

బయటికి వచ్చేది ఒక్క ముక్క. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర ఎంఐ-17 కూలి త్రిదళాధిపతి బిపిన్ రావత్‌తో సహా 14 మంది చనిపోయారు. వాళ్లలో చిత్తూరు జిల్లా కురబలకోట మండలం నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ ఒకరు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదికలో 2017–22 మధ్య వాయుసేనకు జరిగిన 34 ప్రమాదాల జాబితా ఉంది. కూనూరు ప్రమాదం ఎదుట కారణం: విమాన సిబ్బంది మానవ తప్పిదం. హఠాత్తుగా వాతావరణం మారి మేఘాల్లో దారితప్పి కొండను ఢీకొట్టారని అంతకుముందే చెప్పారు. తప్పు చేసినవాళ్లుగా తేలినవాళ్లు చనిపోయినవాళ్లే. ముందు కొండ ఉందని హెచ్చరించే పరికరం సంగతేమిటి, ఆ వాతావరణంలో బయల్దేరమన్నదెవరు అన్న ప్రశ్నలకు ఆ ఒక్క గడిలో చోటు లేదు.

ఈ భాష మనకు కొత్త కాదు. మురుగు గుంతలోకి దిగి ఊపిరాడక చనిపోయిన సఫాయి కార్మికుడి గురించి కాంట్రాక్టరు ఏమంటాడు? జాగ్రత్త లేకుండా దిగాడంటాడు. 2021 మేలో మన జిల్లాలోనే కలసపాడు మండలం మామిళ్లపల్లె గని దగ్గర పేలుడు పదార్థాలు దించుతూ పదిమంది చనిపోతే దాన్ని ప్రమాదం అన్నారు. సైనికుడు చనిపోతే త్యాగం అంటారు. నిర్లక్ష్యం, ప్రమాదం, త్యాగం. మూడు మాటల్లో గౌరవం వేరువేరు, కానీ మూడూ చేసే పని ఒకటే: ఇవ్వాల్సిన పరికరం ఇవ్వలేదన్న సంగతిని కప్పిపెట్టడం. మురుగు పని విషయంలో సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి ఈ కప్పును కొంత లాగేసింది. 2014లో సుప్రీంకోర్టు ప్రతి మురుగు మరణానికీ 10 లక్షలు ఇవ్వాలంది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. సైనిక విమానాల దగ్గర కథ ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. అగ్నివీరుల సంగతే చూడండి. విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా అని పట్టికలో ఉంటుంది. చావకుండా చూసే పరికరాల పట్టిక ఏ ర్యాలీలోనూ చూపించరు.

బంగారం కేసు నుంచి మిగ్-21 దాకా

ప్రభుత్వం మీద దావా వేయొచ్చా? రాజ్యాంగం 300వ అధికరణం వేయొచ్చంటుంది, కానీ బ్రిటిష్ కాలం నాటి హద్దుల్లోనే. రాజు తప్పు చేయడు అన్న పాత సూత్రం ఆ హద్దుల్లో దాక్కుంది. దాన్నే సార్వభౌమ రక్షణ అంటారు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధిలో నిలబడి చెబితే ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది. 1947లో అమృత్‌సర్ బంగారు వ్యాపారి రలియా రామ్‌ను మీరట్‌లో పోలీసులు పట్టుకుని బంగారం, వెండి జప్తు చేశారు. స్టేషన్‌లో పెట్టిన ఆ బంగారాన్ని ఒక హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. వ్యాపారికి బంగారమైనా ఇవ్వాలి, విలువైనా కట్టాలి కదా? 1965లో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. అరెస్టు, జప్తు సార్వభౌమ విధులు కాబట్టి ఆ పనిలో ఉద్యోగి చేసిన నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదని తీర్పు. చట్టం మార్చమని అదే తీర్పులో కోర్టు సలహా ఇచ్చింది. పార్లమెంటు ఇప్పటికీ అలాంటి చట్టం చేయలేదు.

ఆ గోడకు బీటలు మన పక్క నుంచే పడ్డాయి. జమ్మలమడుగుకు ఉత్తరాన కోయిలకుంట్ల ఉంది. 1977 మేలో అక్కడి సబ్‌జైలు మీద రాత్రిపూట బాంబులు వేశారు. లోపలున్న చల్లా చినప్పరెడ్డి చనిపోయారు, కొడుకు గాయపడ్డారు. దాడి జరగొచ్చని ముందే పోలీసులకు చెప్పారు. అయినా ఉండాల్సినంత కాపలా లేదు. జైలు నడపడం సార్వభౌమ విధి, పరిహారం ఇవ్వం అని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2000లో సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. 21వ అధికరణం ఇచ్చిన ప్రాణహక్కుకు భంగం కలిగితే సార్వభౌమ రక్షణ అన్న సాకు చెల్లదని తేల్చింది. సీమ ఫ్యాక్షన్ గొడవల్లోంచి పుట్టిన కేసే. కానీ ఆ తర్వాత లాకప్‌లో చనిపోయిన ఎంతోమంది పేదల తరఫున న్యాయవాదులు ఎత్తి చూపే తీర్పుల్లో ఇదొకటైంది. అంతకుముందు 1994లో నాగేంద్రరావు కేసులో కూడా, జప్తు చేసిన ఎరువులు పాడైపోతే రాష్ట్రం విలువ కట్టివ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిందే.

జైలు కాపలాకు వర్తించింది యుద్ధవిమానానికి వర్తిస్తుందా? వర్తిస్తుందని 2017 మే 2న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. వింగ్ కమాండర్ సంజీత్ సింగ్ కైలా 2005 జనవరిలో రాజస్థాన్‌లో మిగ్-21 నడుపుతుండగా విమానం వెనకభాగంలో మంటలు వచ్చాయి. ఊరి మీద పడకుండా పక్కకు మళ్లించి చివరి క్షణంలో బయటికి దూకారు. వెన్నెముక దెబ్బతిని మళ్లీ యుద్ధవిమానం నడపలేకపోయారు. ప్రమాదానికి కారణం హెచ్‌ఏఎల్ తయారీలో లోపమని తేలినట్టు ఆయనకు తెలిసింది ఏళ్ల తర్వాత, సమాచార హక్కు కింద అడిగితేనే. ఆయన కోర్టుకెళ్లారు. సైన్యంలో చేరినవాడు ప్రమాదానికి ఒప్పుకునే చేరతాడని ప్రభుత్వ వాదన. మా విద్యార్థులు అడిగిన ప్రశ్నే అది. కోర్టు ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. సైనికుడు ఒప్పుకునేది ఆ వృత్తిలో సహజంగా ఉండే ప్రమాదానికి. లోపమున్న యంత్రం వల్ల వచ్చే అదనపు ప్రమాదానికి కాదు. సురక్షితమైన పనిచోటు అతనికీ ప్రాణహక్కులో భాగమే. హెచ్‌ఏఎల్ 50 లక్షలు, కేంద్రం 5 లక్షలు ఇవ్వాలంది.

దీన్ని అతిగా చూడకూడదు. ఒక అధికారి, చదువు, పలుకుబడి, ప్రాణంతో మిగిలి ఉండి పన్నెండేళ్లు పట్టుదలగా పోరాడితే వచ్చిన తీర్పు. హెల్పర్‌గానో ఫిట్టర్‌గానో చేసిన మనిషి చనిపోతే అతని భార్య ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడం ఎంత దూరమో కొలవాల్సిన పనిలేదు. కానీ సూత్రం మాత్రం ర్యాంకు చూసి వర్తించదు.

బ్రిటన్‌లో కుటుంబాలకు ఒక మంచి వెసులుబాటు ఉంది. అక్కడ సైనికుడి మరణం మీద కూడా కరోనర్ బహిరంగ విచారణ జరుపుతాడు. 2005 జనవరిలో ఇరాక్‌లో హెర్క్యులస్ విమానం నేల నుంచి వచ్చిన కాల్పులకు రెక్కలోని ఇంధన ట్యాంకు పేలి కూలింది, పదిమంది చనిపోయారు. ట్యాంకుల్లో నింపితే పేలకుండా ఆపే ఒక రకం నురుగు ఉంది. అమెరికా వాళ్ల విమానాల్లో వియత్నాం యుద్ధం నాటి నుంచీ ఉంది, బ్రిటన్ పెట్టలేదు. ఈ మాటలన్నీ కుటుంబాల ఎదుటే సాక్ష్యంగా నమోదయ్యాయి. 2008లో కరోనర్ దాన్ని వ్యవస్థాగత వైఫల్యం అన్నాడు. మరుసటి ఏడాది, అఫ్ఘానిస్తాన్‌లో 14 మందితో కూలిన నిమ్రాడ్ విమానం మీద హాడన్-కేవ్ నివేదిక బాధ్యుల పేర్లు పెట్టి మరీ వచ్చింది. దాని ఫలితంగా 2010లో సైనిక విమానాల భద్రత చూసే ప్రత్యేక సంస్థ పుట్టింది. శత్రువు కాల్చిన కేసులో కూడా పరికరం ప్రశ్న అడగొచ్చని హెర్క్యులస్ చూపింది. మన ఏఎన్-32 దగ్గర శత్రువు కూడా లేడు.

ఇప్పుడు అడగగలిగేది

సమాచార హక్కు చట్టం సైన్యానికి వర్తించదని చాలామంది అనుకుంటారు. తప్పు. చట్టం రెండో షెడ్యూల్లో మినహాయించిన సంస్థల్లో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ ఉన్నాయి. వాయుసేన, నౌకాదళం, సైన్యం లేవు. వాయుసేన చేతిలో ఉన్నది 8(1)(ఎ) సెక్షన్, అంటే దేశ భద్రతకు భంగమన్న కారణం. ఒక రవాణా విమానానికి నీటి అడుగు బీకన్ ఉందా లేదా అన్నది తెలిస్తే ఏ శత్రువుకు ఏం లాభమో వాళ్లు చూపించాలి. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులోదైనా ఇవ్వొచ్చని 8(2) చెబుతుంది. రహస్య భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మొత్తం విచారణ నివేదిక ఇవ్వండి అని ఒక్క ముక్కలో అడిగి తిరస్కరించే అవకాశం వాళ్లకు ఇవ్వకపోవడం మంచిది. నీటి అడుగు బీకన్లు కొనాలన్న ప్రతిపాదన ఏ తేదీన మొదలైంది, ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగింది, 2016 తర్వాత సముద్రం మీద ఎగిరే రవాణా విమానాల్లో ఎన్నింటికి బిగించారు, 2019 నాటికి ఏఎన్-32ల్లో వాడుతున్న ఈఎల్‌టీలు ఏ రకానివి, పౌర ఉద్యోగుల్ని సైనిక విమానం ఎక్కించే ముందు వాళ్లకు ఏ భద్రతా సూచనలు, ఏ బీమా ఇస్తున్నారు. ఇవి తేదీల్లో, అంకెల్లో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ఇవే ప్రశ్నలు కడప ఎంపీ లోక్‌సభలో లిఖితపూర్వకంగా అడగొచ్చు. ఏ పార్టీ ఎంపీ అయినా సరే.

దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే రాయాలని లేదు. ఆరో సెక్షన్ ప్రకారం ఆ ప్రాంత అధికార భాషలో రాయొచ్చు, అంటే కడప జిల్లా నుంచి తెలుగులో. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు. వాయుసేన ప్రధాన కార్యాలయం, విశాఖ డిపో విషయాలకైతే నౌకాదళం పౌర సమాచార అధికారికి పంపాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లో అదే కార్యాలయంలో మొదటి అప్పీలు. అదీ తేలకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు.